ఎదురొస్తే అయిదు వేల పాయింట్లు

ఆ ఫారంలో మొదటి ప్రశ్న "తమరు ఎక్కడికి వెళ్ళదలచుకున్నారు?" అని కాకుండా మరేదైనా అయ్యుంటే ఈ కథ పుట్టేది కాదు, హైమవతి కౌంటరు హైమవతికే ఉండేది.

మహోదయ బ్యాంకు వారు ప్రయాణాలు చేసే పెద్దమనుషుల కోసం 'గరుడగమన' అని ఒక క్రెడిట్ కార్డు తేబోతున్నారు. లోహంతో చేసిన కార్డు. జేబులో వేసుకుంటే చొక్కా ఒక పక్కకు ఒరుగుతుందని ప్రతీతి. అది ఉన్నవాడు విమానాశ్రయంలో సోఫాలో కూర్చుని ఊరికే ఇడ్లీ తినొచ్చు, ఖర్చుపెట్టిన కొద్దీ పాయింట్లు కూడబెట్టి సింగపూరు వెళ్ళొచ్చు. ఇన్ని గొప్పలున్న కార్డు ఇంకా తయారు కాలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ముందు దానికోసం ఎదురుచూసే జనాన్ని తయారు చెయ్యమని హెడ్డాఫీసు హుకుం వేసింది. శాఖకు మూడు వందల మంది చొప్పున 'నిరీక్షణాభిలాష పత్రాలు' నింపించాలి.

బందరులో విమానాశ్రయం లేదు. విమానం ఎక్కాలంటే ముందు గన్నవరం బస్సెక్కాలి. అయినా హుకుం హుకుమే కనక మేనేజరు శరభయ్య ఫారాల కట్ట పట్టుకుని బ్యాంకు మెట్ల మీద నిలబడ్డాడు. మొట్టమొదట దొరికినవాడు పప్పుల మిల్లు వీరవెంకయ్య. చేతిలో సంచీ, నుదుట బొట్టు, బస్టాండుకు పోతూ డబ్బు తీసుకుందామని వచ్చాడు.

"వెంకయ్యగారూ, ఎక్కడికండీ?" అన్నాడు శరభయ్య, కలం పైకెత్తి.

వీరవెంకయ్య మెట్ల మీదే కూలబడ్డాడు.

"తెల్లారగట్ట లేచి, వర్జ్యం చూసుకుని, మా ఆవిణ్ణి ఎదురు రమ్మని బయల్దేరానయ్యా! ఇంటిదగ్గర పసిపిల్లాడు కూడా అడగలేదు. నువ్వు బ్యాంకు మేనేజరువై ఉండి ఎక్కడికి అంటావా? కాసిని మంచినీళ్ళు తెప్పించు. ఇవాళ్టికి ప్రయాణం మానుకున్నా."

వారం రోజుల్లో పదకొండు ఫారాలు నిండాయి. ఆ పదకొండుమందీ ఎక్కడికీ వెళ్ళే ఉద్దేశం లేనివాళ్ళు. శరభయ్య తల పట్టుకుని మూడో నంబరు కౌంటరు దగ్గరికి వచ్చాడు, ఆ శాఖలో ఏ కాగితానికి ఏ జవాబు రాయాలో తెలిసిన మనిషి హైమవతి ఒక్కతే కనక.

హైమవతికి నలభై ఆరేళ్ళు. భర్త అదే శాఖలో క్యాషియరుగా పనిచేస్తూ గుండెపోటుతో పోతే, కారుణ్య నియామకం కింద బ్యాంకు ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. పదకొండేళ్ళ కింద ఆ మూడో కౌంటరులో కూర్చున్నప్పుడు చలానా అంటే ఏమిటో తెలియదు. ఇప్పుడు పింఛను ముసలివాళ్ళు పక్క కౌంటర్లు ఖాళీగా ఉన్నా ఆమె ముందే వరస కడతారు. ఆమెకు ఈ ఊళ్ళో తనదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ కౌంటరే. వీధిలో ఆమె వస్తుంటే బయల్దేరినవాళ్ళు లోపలికి పోతారు. కౌంటరు దగ్గర మాత్రం అందరూ ఆమె మొహంలోకి చూసే మాట్లాడతారు.

ఆమె ఫారం తిరగేసి, అడుగున 'శాఖ అభిప్రాయము' అన్న గడిలో చక్కటి అక్షరాలతో ఇలా రాసింది: "ఈ ప్రాంతమున ప్రయాణమై పోవువారిని 'ఎక్కడికి' అని అడుగుట అపశకునము. 'దూరమా' అని అడుగుట మర్యాద."

ఆ రెండు ముక్కలూ హైదరాబాదు చేరాయి. నాలుగో రోజుకల్లా జనరల్ మేనేజరు ప్రద్యుమ్న బందరులో దిగాడు. ఆయన విభాగం పేరు 'ఖాతాదారుల ఆహ్లాదం'. నవ్వకుండా ఆహ్లాదం గురించి గంటసేపు మాట్లాడగలడు.

"ఈ అమూల్యమైన స్థానిక జ్ఞానాన్ని వెలికితీసిన సిబ్బంది ఎవరు?" అని అడిగి, హైమవతికి నమస్కారం పెట్టాడు. "మేడమ్, ప్రపంచంలో ప్రతి బ్యాంకూ సోఫా ఇస్తోంది, ఇడ్లీ ఇస్తోంది. శుభశకునం ఇచ్చే బ్యాంకు ఎక్కడన్నా ఉందా? మనం ఇద్దాం. ప్రయాణికుడి అనుభూతిని గడప దగ్గరే కైవసం చేసుకుందాం. ఎదురు వస్తే మంచివేమిటో, చెడ్డవేమిటో నాకు చెప్పండి."

హైమవతి చెప్పింది. ముత్తయిదువ, నీళ్ళబిందె, ఆవు, పెళ్ళిమేళం మంచివి. శవం ఎదురొచ్చినా మంచిదే అంటారు. పిల్లి, కట్టెలమోపు, నూనెకుండ, ఒంటి బ్రాహ్మణుడు మంచివి కావు. అక్కడితో ఆమె ఆగింది.

"ఇంకా?" అన్నాడు ప్రద్యుమ్న.

"అంతేనండి."

"ఇంకొకటి ఉందండి," అన్నాడు శరభయ్య నేల చూపులు చూస్తూ. అదేమిటో చెవిలో చెప్పాడు. ప్రద్యుమ్న "ఓహో" అని రాసుకున్నాడు. హైమవతికి ఒళ్ళు మండింది గానీ, అప్పటికి అది రాసుకోవడమే కదా అనుకుంది.

పది రోజులకు సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా సమస్త శాఖాధికారులకు తెలియజేయునది ఏమనగా, గరుడగమన నిరీక్షకుల ప్రయాణ క్షేమమును దృష్టియందుంచుకొని, ప్రయోగాత్మకముగా బందరు శాఖ సిబ్బందిని అనుకూల ఎదురు, తటస్థ ఎదురు, ప్రతికూల ఎదురు అను మూడు వర్గములుగా విభజించడమైనది. ప్రతికూల ఎదురు వర్గమునకు చెందిన సిబ్బంది ముఖద్వారమును వినియోగింపరాదు. ముందు కౌంటర్లయందు కూర్చుండరాదు."

అటెండరు కోటిలింగం భార్యకు రోజుకూలీ మీద నీళ్ళబిందెతో ఎదురొచ్చే పని దొరికింది. గోశాల నుంచి ఒక ఆవును అద్దెకు తెచ్చి ఏటీఎం పక్కన కట్టేశారు. అకౌంటెంటు సోమయాజి ఇకపై జంటగా మాత్రమే నడవాలన్నారు. శాఖలో ఆయనొక్కడే బ్రాహ్మణుడు కనక, రెండోవాణ్ణి పంపవలసిందిగా హెడ్డాఫీసుకు ఇండెంటు పెట్టారు. ఆ రెండోవాడు వచ్చేదాకా సోమయాజి కుర్చీలోంచి లేవకూడదు.

ప్రతికూల వర్గంలో ఒకే పేరు ఉంది. ఎదురుగా 'కారణము' అన్న గడిలో 'భర్త మరణము' అని కంప్యూటరు అచ్చేసింది.

హైమవతి ఆ కాగితాన్ని పాత రికార్డుల గదిలో కూర్చుని చదువుకుంది. ఆమెను అక్కడికి మార్చారు. జనరేటరు పక్కనుంచి వెనక గేటు దారి ఇచ్చారు. భర్త పోయాడనే ఈ బ్యాంకు తనను ముందు కౌంటరులో కూర్చోబెట్టింది, ఇప్పుడు భర్త పోయాడనే వెనక గదిలోకి తోసింది. ఆయన పోయిన రోజు శవాన్ని మోసుకెళుతుంటే ఎదురుపడ్డవాళ్ళందరూ మంచి శకునమని దణ్ణం పెట్టుకున్నారు. చచ్చినాయన ఎదురొస్తే శుభం, బతికున్నది ఎదురొస్తే అశుభం. ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అదీ మామూలు కోపం కాదు. కోపం వచ్చినప్పుడు కొందరు గిన్నెలు విసురుతారు. పదకొండేళ్ళు బ్యాంకులో పనిచేసింది కనక హైమవతి సర్క్యులర్‌ను మొదటినుంచి చివరిదాకా అయిదుసార్లు చదివింది.

పద్నాలుగో పేరాలో ఇలా ఉంది: "అనివార్య కారణములచే ప్రతికూల వర్గపు ఉద్యోగి శాఖ ముఖద్వారము వద్ద నిరీక్షకునకు ఎదురైన పక్షమున, సదరు నిరీక్షకునకు అపశకున పరిహారముగా అయిదు వేల ఎదురుచూపు పాయింట్లు జమచేయబడును. ఎదురైన ఉద్యోగి స్వహస్తముతో ధ్రువపత్రముపై సంతకము చేయవలెను." ఆవు ఎదురైతే పది పాయింట్లు. నీళ్ళబిందెకు పదిహేను. పాతిక వేలు పోగైతే కార్డు వచ్చిన రోజే సింగపూరు టిక్కెట్టు ఉచితం.

ఆమె ఆ పేరా కింద గీత గీసి, కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది.

మర్నాడు జనరేటరు బాగుచెయ్యడానికి వచ్చిన వ్యాను వెనక గేటుకు అడ్డంగా నిలబడింది. హైమవతి ముందు గుమ్మంలోంచి వచ్చింది. సరిగ్గా అప్పుడే, ప్రయాణం మానుకున్న రోజునే ఫారం నింపిపోయిన వీరవెంకయ్య సంచీతో బయటికి వస్తున్నాడు. అతనిది హైమవతి ఉండే వీధే. ఆమె కనిపిస్తే పక్క సందులోకి తప్పుకోవడం అతనికి పదకొండేళ్ళ అలవాటు. బ్యాంకు గుమ్మానికి పక్క సందు లేదు.

"చ్చ!" అన్నాడు.

"సంతకం చేసిస్తానండి, ఉండండి," అంది హైమవతి. ధ్రువపత్రం రాసి చేతిలో పెట్టింది. వీరవెంకయ్య దాన్ని చింపబోయేంతలో ఫోను మోగింది. "మీ ప్రయాణమునకు కలిగిన అశుభమునకు చింతిస్తున్నాము. మీ ఖాతాకు 5000 పాయింట్లు జమ అయినవి." అతను ఫోను వంక చూశాడు, ఆవు వంక చూశాడు, హైమవతి వెళ్ళిన వైపు చూశాడు.

మరుసటి ఉదయం డజను అరటిపళ్ళతో రికార్డుల గది గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా హైమవతిగారూ, ఇవాళ కూడా బయల్దేరుతున్నానండి. ఒక్కసారి అలా ఎదురొచ్చి పుణ్యం కట్టుకోండి."

"నేను ముఖద్వారం వాడకూడదండి. రూలు."

"రూలుదేముందండీ! నేనడుగుతున్నాగా!"

హైమవతి శరభయ్యకు ఒక నోటు పెట్టింది. ఆరో పేరా ప్రకారం తాను ముఖద్వారంలోకి రాకూడదు, పద్నాలుగో పేరా ప్రకారం ముఖద్వారంలో ఎదురైతేనే పరిహారం, దేన్ని పాటించాలో స్పష్టత కోరుచున్నాను అని. హెడ్డాఫీసు మూడు రోజులు ఆలోచించి స్పష్టత ఇచ్చింది: "సదరు ఉద్యోగిని ముఖద్వారము గుండా రాకూడదు. అయితే నిరీక్షకుడు లిఖితపూర్వకముగా కోరిన పక్షమున రాక మానకూడదు."

ఇక చూడాలి బందరు! నిరీక్షణాభిలాష పత్రాలు పదకొండు నుంచి పన్నెండు వందలకు ఎక్కాయి. జన్మలో గుడివాడ దాటని వాళ్ళు కూడా సంచీలు పుచ్చుకుని, లోపల బరువుకు పాత పేపర్లు కూరుకుని, బ్యాంకులోంచి బయల్దేరడం మొదలెట్టారు. లోపల ఒక వరస, బయట ఒక వరస. హైమవతి గుమ్మం దాటుతుంది, సంతకం చేస్తుంది, వెనక గేటుగుండా చుట్టి మళ్ళీ గుమ్మానికి వస్తుంది. కోటిలింగం భార్య బిందెతో అడ్డం వస్తే జనం కసురుకుంటున్నారు.

"ఓ ముత్తయిదువా, నువ్వు కాస్త తప్పుకోవమ్మా! పదిహేను పాయింట్ల మొహం నువ్వూనూ!"

"ఆ ఆవును అవతలికి తోలండయ్యా, హైమవతిగారు కనపట్టంలేదు!"

హెడ్డాఫీసు పటాల మీద బందరు శాఖ దేశంలోకెల్లా ఎక్కువమంది ఎదురుచూస్తున్న శాఖగా వెలిగింది. శరభయ్యకు శాలువా కప్పారు. ఆ మర్నాడే ఇచ్ఛాపురానికి బదిలీ చేశారు, అక్కడా ఇలాగే వెలిగించమని. శరభయ్య ఆర్డరు పట్టుకుని రికార్డుల గదికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఇరవయ్యో పేరాలో సిబ్బంది అధికారిక ప్రయాణాలకు కూడా ఇదే వర్తిస్తుందని రాశారు. ప్రతికూల ఎదురు అయితే ప్రయాణం వాయిదా వెయ్యాలట. రేపు పదింటికి రిలీవవుతాను. కాస్త..."

"నా కౌంటరు నాకిచ్చెయ్యండి సార్, ఎదురొస్తాను."

"కౌంటరు నా చేతిలో లేదమ్మా. నువ్వు అశుభానివని కంప్యూటర్లో పడిపోయింది."

హైమవతి ఎదురొచ్చింది, కౌంటరు ఇవ్వకపోయినా. శరభయ్యకు ఇంటర్ చదివే కూతురుందని ఆమెకు తెలుసు. దాంతో ఆయన బదిలీ నిలిచిపోయింది. ఆ వార్త పాకి, జిల్లాలో బదిలీ అయిన ఆఫీసర్లందరూ బందరు మీదుగా రిలీవవడం మొదలెట్టారు. పండక్కి అల్లుళ్ళు దిగినట్టు దిగేవారు. ఒక్కరూ కొత్త ఊరు చేరలేదు.

హైమవతికి కాళ్ళు లాగేవి. రోజుకు నాలుగు వందలసార్లు ఎదురొస్తోంది. ఊరంతా పేరు పెట్టి పిలుస్తోంది, పళ్ళిస్తోంది, కానీ ఒక్కడూ ఆమె మొహం చూడడంలేదు. అంతకుముందు మొహం తిప్పుకుని పోయేవాళ్ళు. ఇప్పుడు ఫోను వంక చూసుకుంటూ పోతున్నారు. మూడో కౌంటరు మీద ఎవరో గరుడగమన బొమ్మ అట్టముక్క నిలబెట్టారు. పింఛను ముసలివాళ్ళు దాని ముందు నిలబడి, ఆమె రాదని తెలిసి, మెల్లగా పక్కకు జరుగుతున్నారు.

ఆవిష్కరణ రోజు రానే వచ్చింది. ఇంత ఎదురుచూపు ఉన్న ఊళ్ళోనే కార్డు పుట్టాలని బ్యాంకు ఛైర్మన్‌గారు స్వయంగా వచ్చారు. ముహూర్తం పదకొండూ ఇరవైకి. వెండి పళ్ళెంలో కార్డు పెట్టుకుని ఛైర్మన్‌గారు లోపలినుంచి గడప దాటి బయటికి రావాలి, ఎదురుగా ఆవు, బిందె, సన్నాయి. బయట పన్నెండు వందల మంది, అందరి చేతుల్లోనూ సంచీలే. ఛైర్మన్‌గారు పళ్ళెం ఎత్తగానే జనంలోంచి ఒక్కసారిగా కేకలు లేచాయి.

"హైమవతిగారిని పిలవండి! హైమవతిగారు రావాలి!"

"ఎవరీ హైమవతి?" అన్నారు ఛైర్మన్‌గారు ముచ్చటపడి. "ఇంత ప్రజాభిమానం ఉన్న ఉద్యోగిని నా కంటపడకుండా దాస్తారా? ఆమెనే నాకు ఎదురు రమ్మనండి."

ప్రద్యుమ్న మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె ఎదురొస్తే రూలు ప్రకారం కార్డే వాయిదా పడుతుంది, పైగా ఒక్క దెబ్బకు పన్నెండు వందల మందికి పరిహారం. రాకపోతే జనం ఊరుకోరు. ఆయన ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని రికార్డుల గదికి పరిగెత్తాడు.

"మేడమ్, బ్యాంకు ప్రతిష్ఠ మీ చేతుల్లో ఉంది. ఈ క్షణమే మిమ్మల్ని అనుకూల వర్గంలోకి మారుస్తున్నాను. అభినందనలు."

"మార్చండి," అంది హైమవతి.

ఆయన మీటలు నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. చెమట తుడుచుకున్నాడు.

"ఏమైందండీ?"

"వర్గం మార్పునకు కారణం అడుగుతోంది. తప్పనిసరి గడి."

"పోయినసారి 'భర్త మరణము' అని నింపారుగా. ఇప్పుడేం మారిందో అది నింపండి."

"ఇందులో రెండే కారణాలున్నాయి మేడమ్," అన్నాడు ప్రద్యుమ్న హీనస్వరంతో. "ఒకటి పునర్వివాహం. రెండోది..."

"రెండోది?"

"సదరు ఉద్యోగి మరణం. శవం అనుకూల వర్గం కిందికి వస్తుంది కదా, మీరే చెప్పారు."

హైమవతి ముందున్న పాత రికార్డు తెరిచింది.

"రెండూ ఇవాళ కుదరవండి," అంది. "నాకు పనుంది."

"ఊరికే, నామమాత్రంగా... పునర్వివాహం అని నొక్కుతాను. వరుడి పేరు అడుగుతోంది..."

"మీ పేరు నింపుకోండి. మీ ఇంట్లో అభ్యంతరం లేకపోతే."

ముహూర్తం దాటిపోతోందని వెతుక్కుంటూ, వెండి పళ్ళెంతో సహా ఛైర్మన్‌గారు ఆ గదికే వచ్చారు. సంగతి అంతా నిలబడి విన్నారు. ఆయన మంచివాడో చెడ్డవాడో చెప్పలేం గానీ లెక్క తెలిసినవాడు. పన్నెండు వందలను అయిదు వేలతో హెచ్చవేసుకునేసరికి ఆయనకు ఒక్కసారిగా సంస్కరణ పుట్టింది.

"ఇదేం మూఢత్వమయ్యా!" అని ప్రద్యుమ్న మీద గర్జించారు. "ఇరవై ఒకటో శతాబ్దంలో శకునాలా? వర్గాలన్నీ రద్దు. పరిహారం రద్దు. ఎవరు ఎవరికి ఎదురొచ్చినా ఏమీ రాదని మైకులో చెప్పు!"

మైకులో చెప్పారు. అయిదు నిమిషాల్లో మెట్లు ఖాళీ అయ్యాయి. సంచీలు దులిపి పాత పేపర్లు అక్కడే పారేసి పోయారు. ఆ పేపర్లు నములుతున్న ఆవు ఎదుట ఛైర్మన్‌గారు గరుడగమన కార్డును జాతికి అంకితం చేశారు. సోమయాజి నెల తరవాత మొదటిసారి కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు.

హైమవతి హాల్లోకి నడిచి వచ్చి, అట్టముక్కను తీసి గోడకానించింది. బల్ల తుడిచింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

మొదట వచ్చినవాడు వీరవెంకయ్య. ఇరవై వేల పాయింట్ల దగ్గర ఆగిపోయిన మనిషి, ముభావంగా ఉన్నాడు.

"అయితే ఇకనుంచీ మీరెదురొస్తే ఏమీ రాదన్నమాట."

"ఏమీ రాదండి."

"మంచీ రాదు, చెడూ రాదు?"

"రాదు."

వీరవెంకయ్య చలానా నింపి సంతకం పెట్టాడు. తరవాత తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"మరి పదకొండేళ్ళ నుంచీ మిమ్మల్ని చూసి సందులోకి తప్పుకుంటున్నానే! అదంతా దేనికండీ?"

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నానండి, పదకొండేళ్ళ నుంచీ," అంది హైమవతి. "చలానా ఇలా ఇవ్వండి."